మూడో ముచ్చట

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో కరెంటు మీటర్లు బిగించే ఒక కంపెనీలో, పోయిన మనిషి మాట్లాడటం పెద్ద వింతేమీ కాదు. రోజూ మధ్యాహ్నం మూడున్నరకి టీ బెల్లు కొట్టగానే తారామణి మాట్లాడేది. ఆమె పోయి అప్పటికి ఏడాదిన్నర దాటింది. అయినా రెండు వందల మంది ఆడవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని, గోడ మీది స్పీకరు వైపు తలలెత్తి వినేవాళ్ళు. ఎవరికీ భయం వేసేది కాదు. క్యాసెట్టుకి భయపడేదేముంది అనుకునేవాళ్ళు. 2009 జూన్ చివరి వారం దాకా అలాగే అనుకున్నారు.

ఆ క్యాసెట్లు వేసేది హైమావతి. టైం ఆఫీసులో గుమస్తా, నలభై ఎనిమిదేళ్ళు. పుట్టింది తెనాలి, పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్సులో. తండ్రి గార్డుగా రిటైరై సొంతూరు వెళ్ళిపోయినా ఆవిడ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. మనిషి తక్కువ మాట్లాడుతుంది. హాజరు పుస్తకంలో గీతలు కొట్టే చేతికి ఎంత పొదుపో, నోటికీ అంతే పొదుపు.

తారామణి అలా కాదు. జనగామ అవతల పల్లె. పెళ్ళయిన ఏడాదికే మొగుణ్ణి వదిలేసి వచ్చి, మీటర్లు చెక్ చేసే బల్ల దగ్గర చేరింది. ఏ మీటరు తప్పుగా తిరుగుతుందో విని చెప్పేసేదట, చూడకుండానే. పేపర్లో 'చరిత్రలో ఈ రోజు' అని వస్తుంది చూశారా, అదంటే ఆమెకి పిచ్చి. కత్తిరించి దాచేది, ఏఎస్ రావు నగర్ లైబ్రరీకి వెళ్ళి పాత పేపర్లలోంచి రాసుకొచ్చేది. టీ టైంలో మైకులో చదువుతానని పాత మేనేజరు వెంటపడి ఒప్పించింది. ఒక్కదానికి బాగోదని హైమావతిని పక్కన కూర్చోబెట్టుకుంది.

పద్ధతి ఇది. రోజుకు మూడు ముచ్చట్లు. మొదటిది లోకంలో జరిగింది. రెండోది పాటల లోకంలో జరిగింది. ఈ రెండూ తారామణి చెప్పేది. మూడోది మన ముచ్చట. ఫలానా రోజున ప్యాకింగ్ శ్యామలమ్మకి కవలలు పుట్టారు, ఫలానా రోజున మన షెడ్డు మీద రేకులు లేచిపోయాయి, అలాంటివి. అది హైమావతి చెప్పాలి. "ఇగ మూడోది మా హైమ జెప్తది," అని తారామణి అనడం, హైమావతి గొంతు సవరించుకుని చెప్పడం, తారామణి మధ్యలో ఏదో ఒకటి అని నవ్వించడం. ఏడాది పొడుగునా ఇలా ఒక్కో తారీఖూ చెబుతూ, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి పెట్టింది తారామణి. క్యాసెట్టుకి ఏడు రోజుల చొప్పున యాభై మూడు క్యాసెట్లు. "చరిత్ర ఏటేటా మారదు గద. ఒక్కపారి చెప్పి పెడితె జిందగీ అంత ఏసుకోవచ్చు," అంది. ఆమె జిందగీ ఆ తర్వాత రెండేళ్ళే ఉంది.

ఇద్దరూ ఉప్పల్ చిలకానగర్లో ఒక పోర్షన్‌లో ఉండేవాళ్ళు. ఇద్దరు మగవాళ్ళు కలిసి ఉంటే మన జనం సవాలక్ష అడుగుతారు. ఇద్దరు ఆడవాళ్ళు ఉంటే 'పాపం, తోడుగా ఉంటున్నారు' అని వదిలేస్తారు. ఆ జాలి చాటున వాళ్ళు పదకొండేళ్ళు కాపురం చేశారు. కాపురమే. వేరే మాట వెతుక్కోవడం ఎందుకు? ఒకరి చీర ఒకరు కట్టుకుని, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఉపవాసం ఉండి, కూరలో కారం దగ్గర రోజూ పోట్లాడుకుని, ఒక్క మంచం మీద పడుకున్న కాపురం.

2007 నవంబరులో తారామణికి కామెర్లు ముదిరాయి. ఉప్పల్లోనే ఒక నర్సింగ్ హోంలో ఎనిమిది రోజులు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం జనగామ నుంచి ఆమె అన్న పాండురంగం వచ్చాడు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, పెద్ద మనిషి. మంచానికి ఆకుపచ్చ గుడ్డ తెర అడ్డం ఉంది. తెర ఇవతల స్టూలు మీద కూర్చున్న హైమావతిని చూసి, "మీరెవరమ్మా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు.

హైమావతి లేచి నిలబడింది. "నేనా అండీ? ఆ ఇంట్లోనే పక్క గదిలో కిరాయికి ఉంటాను," అంది.

తెర అవతల అప్పటిదాకా ఆగకుండా వస్తున్న దగ్గు ఆ మాటతో ఆగిపోయింది.

గంట తర్వాత తారామణి పోయింది. శవాన్ని వ్యానులో ఊరికి తీసుకెళ్ళారు. కిరాయికి ఉండే ఆవిడకి ఆ వ్యానులో చోటెందుకుంటుంది? మూడో రోజు పాండురంగం మళ్ళీ వచ్చి చెల్లెలి బట్టలు, ట్రంకు పెట్టె, ఫొటోల ఆల్బం మూట కట్టించుకుని వెళ్ళాడు. మూట కట్టింది హైమావతే. ఒక్క ఫొటో ఉంచుకుంటానని అడగలేదు. అడిగితే ఎందుకంటాడో అని.

రెండు వారాల్లో కంపెనీకి వస్తానని, చెల్లెలి కాగితాలు తీసుకోవాలని అతను చెప్పాడు. అప్పుడు పట్టుకుంది హైమావతికి అసలు భయం. అతను వచ్చిన వేళకి స్పీకర్లో ఆ నవ్వులు వినపడితే? కిరాయికుండే ఆవిడ గొంతులో అంత చనువేమిటని అతనికి తట్టదా? భోజనాల వేళ అందరూ క్యాంటీనుకి వెళ్ళాక టైం ఆఫీసు తలుపు వేసుకుని, పది రోజులు, ఆవిడ ఒక పని చేసింది. మైకు తీగ పీకేసి, రికార్డు మీట నొక్కి, ప్రతి క్యాసెట్టులోనూ తన గొంతు ఉన్నచోటల్లా చెరిపేసింది. తన మాట, తన పేరు, తన నవ్వు, తనని చూసి తారామణి నవ్విన నవ్వు. తారామణి చెప్పిన రెండు ముచ్చట్లు మాత్రం మిగిలాయి. మూడో దాని స్థానంలో నిమిషం, ఒకటిన్నర నిమిషం, ఉత్త గాలి చప్పుడు.

ఇక్కడ మన కంపెనీ ఆడవాళ్ళు ఒక పొరపాటు పడ్డారు. తారామణి రెండు ముచ్చట్లు చెప్పి, "ఇగ మూడోది," అని ఆగిపోతే, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం తారక్క కోసం పాటించే మౌనం అనుకున్నారు. కంపెనీయే పెట్టించిందనుకున్నారు. ఆ నిమిషంలో గ్లాసు చప్పుడు కూడా చేసేవాళ్ళు కాదు. హైమావతి టైం ఆఫీసు అద్దాల గదిలోంచి చూస్తూ ఉండేది. రెండు వందల మంది తలలు వంచుకుని నిలబడేది తారామణి కోసం కాదు, తను చెరిపేసుకున్న తన కోసమని ఆవిడకొక్కదానికే తెలుసు. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఏదేమైనా గొంతు మిగిలింది. లోకంలో తారామణిదంటూ హైమావతికి దక్కింది అదొక్కటే. మధ్యాహ్నం మూడున్నర కోసమే ఆవిడ మిగతా రోజంతా గడిపేది.

జూన్ ఇరవై అయిదు, గురువారం. రెండు ముచ్చట్లూ అయ్యాయి. "ఇగ మూడోది," అంది తారామణి. గాలి మొదలైంది. ఆ గాలిలో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

హైమావతి డెక్కు వైపు చూసింది. క్యాసెట్టు తిరుగుతోంది. మళ్ళీ ఊపిరి. పక్కన కూర్చున్న మనిషి, ఎదుటివాళ్ళు చెప్పేదాకా ఓపిగ్గా ఉన్నప్పుడు తీసుకునే ఊపిరి.

మర్నాడు, అమెరికాలో ఎవరో పెద్ద పాటగాడు పోయాడని క్యాంటీను టీవీలో పొద్దున్నుంచీ చూపిస్తున్న శుక్రవారం నాడు, ఆ నిశ్శబ్దంలో ఒక గొంతు సవరింపు. దుర్గమ్మ చీపురు పట్టుకుని టైం ఆఫీసు గుమ్మంలో ఆగింది. దుర్గమ్మ అక్కడ ఊడ్చే మనిషి, కంపెనీ కంటే పాతది.

"మేడమమ్మా, తారక్క గొంతు గురగురమన్నది. ఇన్నవా?" అంది.

"పాత క్యాసెట్టు కదా దుర్గమ్మా."

"క్యాసెట్టుకు పడిశం వడ్తదా?" అంది దుర్గమ్మ. నవ్వలేదు.

హైమావతి శనివారం పొద్దున్నే వచ్చి, షెడ్డు తెరవకముందే ఆ క్యాసెట్టు వేసి విన్నది. ఊపిరి లేదు, సవరింపు లేదు. ఉత్త గాలి. రెండుసార్లు, మూడుసార్లు విన్నది. అదే క్యాసెట్టు, అదే చోటు, మధ్యాహ్నం మూడున్నరకి స్పీకర్లో వేస్తే మాత్రం కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. షెడ్డులో ఎవరో "అమ్మో" అన్నారు.

ఆదివారం సెలవు. ఆ రోజంతా ఆవిడ ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. మరొకరయితే భయంతో ఊరు విడిచి పారిపోయేవారేమో. హైమావతికి భయంతో పాటు ఇంకోటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుపడేది. సోమవారం ఎప్పుడొస్తుందా అని ఉంది.

సోమవారం ఆ గాలిలోంచి "హైమా" అని పిలిచింది.

మంగళవారం "హైమా, నిన్నే" అంది. వంటింట్లోంచి పిలిస్తే పలకనప్పుడు అనే తీరులోనే ఉంది. హైమావతి నోరు దానంతటదే తెరుచుకుంది. ఆఁ అనబోయింది. అద్దం అవతల రెండు వందల మంది తనవైపే చూస్తున్నారు. నోరు మూసుకుంది.

జులై ఒకటి, బుధవారం. కొత్త క్యాసెట్టు, ఇరవై ఏడోది. రెండు ముచ్చట్లయ్యాయి. గాలి. ఆ గాలి మామూలు కంటే ఎక్కువసేపు ఉంది. అంత ఖాళీ ఆ క్యాసెట్టులో లేదని హైమావతికి తెలుసు, చెరిపిన చేయి తనది కదా. అప్పుడు తారామణి అడిగింది, నెమ్మదిగా, కోపం లేకుండా.

"ఎవరని చెప్పినవ్?"

షెడ్డులో ఒక టీ గ్లాసు కింద పడి పగిలింది. ఏమిటి, ఎవరిని, ఎవరని అడుగుతోంది అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తెర అవతల దగ్గు ఎందుకు ఆగిందో అని ఏడాదిన్నరగా హైమావతి తనని తాను ప్రశ్నించుకుంటూనే ఉంది. విన్నదా, వినలేదా? ఊపిరి అందక ఆగిందేమో, నిద్ర పట్టిందేమో, వినలేదేమో. ఇన్నాళ్ళూ ఆ 'ఏమో'ని పట్టుకునే బతికింది. ఇప్పుడు ఆ ఆధారం కూడా పోయింది. విన్నది.

బెల్లు కొట్టగానే రిషి వచ్చాడు. కొత్త పర్సనెల్ మేనేజరు, పీర్జాదిగూడ అపార్టుమెంట్ల నుంచి బండి మీద వస్తాడు, ముప్పై నిండలేదు. చెడ్డవాడు కాదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని నమ్మే రకం.

"మేడమ్, క్యాసెట్లు పాతబడితే ఒక చుట్టులో ఉన్న సౌండ్ పక్క చుట్టుకి అంటుకుంటుంది. అంతే. దెయ్యాలూ లేవు, భూతాలూ లేవు. కానీ ఆడవాళ్ళు భయపడుతున్నారు. నిన్న సెకండ్ లైన్లో ఇద్దరు పని చేయలేకపోయారు."

"అవునండీ," అంది హైమావతి.

"శుక్రవారం నుంచి ఎఫ్ఎం రేడియో పెట్టేద్దాం. రేపొక్కరోజు ఇదే వేసేయండి, సడన్‌గా ఆపితే బాగోదు. క్యాసెట్లు శనివారం చెత్త బండికి ఇచ్చేయండి, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి పోతుంది కదా, దాంట్లో." వెళ్ళబోతూ ఆగాడు. "ఆవిడ మీకేమవుతారు మేడమ్? చుట్టాలా?"

మళ్ళీ అదే ప్రశ్న. ఈసారీ మర్యాదగానే.

"కలిసి పనిచేశామండీ," అంది హైమావతి.

ఆ మాట నోట్లోంచి వచ్చాక తనమీద తనకే అసహ్యం వేసింది. చచ్చిన మనిషి లేచి వచ్చి అడుగుతుంటే కూడా ఇంకో అబద్ధమే చెప్పిందంటే ఇక ఈ జన్మకి తను నిజం చెప్పే రోజు రాదనుకుంది. రేపొక్క రోజు ఉంది. రేపు జులై రెండు. ఆ తారీఖున మూడో ముచ్చటగా తను ఏం చెప్పి, ఏం చెరిపేసిందో హైమావతికి బాగా గుర్తుంది.

మర్నాడు పదకొండు దాటాక క్యాంటీను టీవీ దగ్గర గుంపు. ఢిల్లీలో హైకోర్టు మెట్ల ముందు జనం కౌగిలించుకుంటున్నారు, ఏడుస్తున్నారు, రంగుల జెండా ఊపుతున్నారు. క్యాంటీనులో ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. సూపర్‌వైజరు ఒకతను "కలికాలం" అని చానెల్ మార్చాడు. అక్కడా అదే వార్త.

"ఏందట మేడమమ్మా? ఎందుకు గంతగనం దుంకుతున్నరు?" అని దుర్గమ్మ అడిగింది.

హైమావతి టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పింది. "ఇద్దరు మగవాళ్ళు గానీ, ఇద్దరు ఆడవాళ్ళు గానీ, పెద్దవాళ్ళు, ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదని కోర్టు చెప్పిందట."

"ఇన్నొద్దులు నేరమేనా?"

"ఇంగ్లీషు వాళ్ళ కాలం నుంచి."

దుర్గమ్మ బకెట్టు కింద పెట్టింది. "మరి గట్లుండెటోళ్ళు ఇన్నొద్దులు ఎంత బుగులు వడ్డరో," అంది. హైమావతి వైపు చూడలేదు. బకెట్టు తీసుకుని పోయింది.

మూడున్నర అయింది. బెల్లు మోగింది. ఆ రోజు టీకి ఎవరూ క్యాంటీనులో కూర్చోలేదు, అందరూ షెడ్డులోకే గ్లాసులు తెచ్చుకున్నారు. భయపడే జనమే భయం ఉన్నచోటికి మరీ మరీ వస్తారు. హైమావతి మీట నొక్కింది.

"అందరికి దండాలు. ఇయ్యాల జులై రెండు," అంది తారామణి, ఎప్పట్లాగే హుషారుగా. "మొదటిది. పంతొమ్మిదొందల అరవై నాలుగు. అమెరికాల నల్లోళ్ళను హోటల్లల్ల రానియ్యకపోతుండె. కూసునే కాడ వేరే, సదువుకునే కాడ వేరే. గా దినం, ఇగ గట్ల నడువదని చట్టం జేసిన్రు. మనూళ్ళల్ల ఇంక ఛాయ్ కాడ రెండు గ్లాసులున్నయి. గవెప్పుడు పోతయో, గా తారీకు గూడ రాసి పెడ్త."

షెడ్డులో అందరూ స్పీకరు వైపే చూస్తున్నారు.

"రెండోది. పంతొమ్మిదొందల యాభై ఆరు. న్యూయార్కుల ఒక పిలగాడు ఒక్క పాటను రికార్డు చేస్తందుకు ముప్పై ఒక్కసారి పాడిండట. ముప్పై సార్లు కాదన్నరు, ముప్పై ఒకటోసారి అయింది. గాయన తర్వాత దునియ మొత్తంల పేరయిండు. మన దగ్గర ఒక్క మీటరు వాపసొస్తె మొకాలు మాడ్సుకుంటరు. జర నేర్సుకోండ్రి."

షెడ్డులో ఎవరో అలవాటుగా నవ్వి, వెంటనే ఆపేశారు.

"ఇగ మూడోది."

గాలి మొదలైంది. హైమావతి మైకు ముందు కూర్చుంది. మైకు మీట మీద వేలుంది. తెలిసినవన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంటావిడ త్రిపురసుందరి గారు ఈ మాట విని ఏమంటారో, రేపు ఇల్లు ఖాళీ చేయమంటే ఈ వయసులో ఎక్కడికి పోవాలో, తెనాలిలో తండ్రి చెవిన పడితే ఏమవుతుందో, ఈ అద్దాల గదిలో రేపట్నుంచి ఎలా కూర్చోవాలో. అన్నీ నిజమైన భయాలే, ఒక్కటీ ఉత్తది కాదు.

"ఎవరని చెప్పినవ్, హైమా?"

ఈసారి గొంతు స్పీకర్లోంచి వచ్చినట్టు లేదు. కుడి పక్క నుంచి, మోచెయ్యి తగిలేంత దూరం నుంచి వచ్చింది. హైమావతి అటు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. మీట నొక్కింది.

"మూడోది," అంది. తన గొంతు షెడ్డంతా వినపడేసరికి తనకే కొత్తగా తోచింది. "మూడోది నేను చెప్పాలి. ఇన్నాళ్ళూ మీరు మౌనం అనుకున్నది మౌనం కాదు. అక్కడ నా గొంతుండేది. నేనే చెరిపేశాను. భయపడి."

షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరూ వాటిని వినడం లేదు.

"పంతొమ్మిది వందల తొంభై ఆరు, జులై రెండు, మంగళవారం. ఆ రోజు తారామణి ఒక చేతిసంచి పట్టుకుని ఉప్పల్లో నా గదికి వచ్చింది. వాన. నాలుగు రోజులుంటానంది. పదకొండేళ్ళుంది. పొద్దున టీవీలో చూసి నవ్వారు కదా, వాళ్ళు ఎవరి గురించి కోర్టుకి వెళ్ళారో, మేమిద్దరం ఆ మనుషులం."

మైకు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఎవరని చెప్పావని అడుగుతోంది. వాళ్ళన్నయ్య అడిగితే, కిరాయికి ఉంటానని చెప్పాను తారా. నువ్వు వింటుండగానే చెప్పాను. నిన్న ఈ సారు అడిగితే కలిసి పనిచేశామని చెప్పాను. రెండూ అబద్ధమే. నేను నీ మనిషిని. నువ్వు పోతే ఇల్లు చీకటైంది నాకు. వ్యానెక్కనివ్వమని కాళ్ళు పట్టుకోవాల్సింది, పక్కకి జరిగి దారిచ్చాను. నన్ను క్షమించు."

మీట మీద నుంచి వేలు తీసింది. క్యాసెట్టు తిరుగుతోంది. గాలి, గాలి, గాలి. ఆ తర్వాత షెడ్డులో ఉన్న రెండు వందల మందీ విన్నారు. ఇంత మంది ఒకేసారి పొరబడరు కదా. రిషి కూడా విన్నాడు. తర్వాత ఎవరడిగినా కాదనలేదు, కారణం కూడా చెప్పలేదు.

"ఆఁ," అంది తారామణి. చాలాసేపు ఎదురుచూసిన జవాబు అందితే అనే 'ఆఁ'. "గంతే గద. ఇగ నేను పోత హైమా."

గాలి కూడా ఆగిపోయింది. హైమావతి అప్పుడు కుడి పక్కకి తిరిగింది. కుర్చీ, కుర్చీ మీద ఎండ.

ఏమైందో అర్థం కావడానికి ఆవిడకి అట్టే సేపు పట్టలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పి మొదటి నుంచి వేసింది. దండాలు లేవు, అమెరికా లేదు, ముప్పై ఒక్కసార్లు పాడిన పిల్లవాడు లేడు. ఇరవై ఎనిమిదోది వేసింది. ముప్పయ్యోది. యాభై మూడోది. చేతికందినదల్లా వేసింది. అన్నీ ఖాళీ. తను చెరిపింది తన గొంతునే. ఇప్పుడు ఆమెది ఆమె తీసుకుపోయింది. జవాబు కోసం ఆగిన మనిషి, జవాబు దొరికాక ఆగదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే చెప్పేదాన్నా, అని హైమావతి తనని తాను ప్రశ్నించుకుంది. మంచి జవాబు రాలేదు. ఆ గొంతు కోసం ఇంకో ఏడాదిన్నర అయినా నోరు మూసుకుని ఉండేదేమో. మనిషి ఆశ అంత నీచమైంది.

టీ టైం అయిపోయినట్టు బెల్లు మోగింది. బెల్టు తిరగడం మొదలైంది, దాని మీద మీటర్లు ఎవరి చెయ్యీ తగలకుండా సాగిపోతున్నాయి. ఎవరూ బల్లల దగ్గరికి వెళ్ళలేదు. హైమావతి అద్దంలోంచి చూసి, అందరూ కలిసి తన మీదికి వస్తున్నారనుకుంది. రానీ అనుకుని టేబులు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

ముందు వచ్చింది దుర్గమ్మ. గుమ్మం బయట చెప్పులు విడిచింది. ఏళ్ళ తరబడి చెప్పులతోనే ఊడ్చే గది అది. లోపలికి వచ్చి, కుర్చీలో కాకుండా నేల మీద, హైమావతి కాళ్ళకి దగ్గరగా కూర్చుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఎట్లయింది హైమమ్మా?" అంది. "ఎన్నొద్దులు వడ్డది?"

హైమావతికి మొదట అర్థం కాలేదు. చావింటికి పలకరించడానికి వచ్చినవాళ్ళు అడిగే మొదటి మాట అది. తారామణి పోయాక చిలకానగర్లో ఆ గడప తొక్కి ఈ మాట అడిగినవాళ్ళు లేరు. కిరాయికి ఉండే ఆవిడని ఎవరు పలకరిస్తారు?

"ఎనిమిది రోజులు," అంది. "కామెర్లు. ముందు తెలీలేదు. కళ్ళు పచ్చబడితే ఎండకి అనుకున్నాం."

"అన్నం దిన్నదా?"

"ఆఖరి రోజు రెండు చెంచాల మజ్జిగ తాగింది. కారం లేదని తిట్టింది."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడాదిన్నరగా ఎక్కడ దాక్కుందో, గుండెలు కుదిపేస్తూ వచ్చింది. దుర్గమ్మ ఊరుకోమనలేదు. వీపు మీద చెయ్యేసి అలాగే ఉంది.

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. గుమ్మం బయట చెప్పుల కుప్ప పెరిగింది. అందరూ రాలేదు. ప్యాకింగ్ వాళ్ళు ఒక్కరూ రాలేదు. పొద్దున నవ్వినామె వచ్చింది, గోడ వారగా నిలబడి, కళ్ళొత్తుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. శ్యామలమ్మ తన టీ గ్లాసు హైమావతి చేతికిచ్చి, తాగేదాకా పట్టుకునే ఉంది. రిషి షెడ్డు మధ్యలో నిలబడి ఊరికే తిరిగే బెల్టునీ చెప్పుల కుప్పనీ మార్చి మార్చి చూశాడు. వెళ్ళి బెల్టు ఆపేశాడు.

అరగంట, ముప్పావుగంట అలా గడిచింది. ఆ ఆడవాళ్ళు రోజూ సాయంత్రం టైం ఆఫీసు ముందు కార్డు కొట్టి, "పోయొస్త మేడమ్" అని అరుచుకుంటూ బస్సులకి పరుగెత్తేవాళ్ళు. ఆ రోజు లేచినవాళ్ళు లేచినట్టే, హైమావతి భుజమో చెయ్యో ఒకసారి తాకి, తలలు వంచుకుని గుమ్మం దాటారు. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళరు. ఆఖరున దుర్గమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని లేచింది, గుమ్మం బయట చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

పోయొస్తానని ఒక్కరూ అనలేదు.